తలుపు మీద మెరిసిన ఇంజనాయిలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆయిల్ ఇంజనుకు జరిగిన మర్యాద మనుషులకు జరిగేది కాదు. కాలువ గట్టు మీద తాటాకు పాకలో ఉండేది అది. పండగ వస్తే నాన్న ముందు దానికి పసుపు రాసి బొట్టు పెట్టేవాడు, తర్వాతే గుమ్మానికి. వాన పడితే గొడుగు తీసుకుని దాని దగ్గరికే పరుగెత్తేవాడు. మేం పడుకునే గదిలో చూరు కారుతోందని అమ్మ రెండేళ్లుగా చెబుతూనే ఉండేది. మాది చల్లపల్లికి దిగువన, కాలువ చిట్టచివరి ఊరు. పైనున్న పొలాలన్నీ తడిశాక మిగిలిన నీళ్లు మాకు. మిగలకపోతే మురుగు కాలువలో నుంచి ఇంజనుతో తోడుకోవాలి. అందుకని ఆ మర్యాద.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న ఈ అమ్మమ్మకు మీలో పెద్దవాడు పుణె నుంచి ఫోన్ చేశాడు. మోటారు సైకిలుకు ఆయిల్ మార్పిస్తుంటే పాత ఆయిల్లో లోహపు రేణువులు మెరిశాయట. మెకానిక్ ఒకసారి ఇంజను విప్పి చూద్దామన్నాడట. వీడు తర్వాత చూద్దాంలే అని కొత్త ఆయిల్ పోయించుకుని వచ్చేశాడట. నవ్వుతూ చెప్పాడు. ఆ రేణువుల ఫొటో కూడా పంపాడు, ఫొటో బాగా వచ్చిందని. నేను గట్టిగా అరవలేనని మీకు తెలుసు. అందుకని ఈ బెజవాడ బెంజ్ సర్కిల్ హారన్ల మోతలో కిటికీ మూసుకుని కూర్చుని ఇది రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

మా ఇంజనుకు ఆయిల్ మార్చడం నాన్న పనే. మేస్త్రీని పిలవడం ఆయనకు నామర్దా. పంచాంగం తీసి వర్జ్యం లేని వేళ చూసేవాడు. శుక్రవారం పొరపాటున కూడా మార్చేవాడు కాదు, ఆ రోజు ఇంట్లోంచి నూనె బయటికి పోకూడదట. కాలువ గట్టు మీదున్న ఇంజనులో నూనె ఇంట్లో ఉన్నట్టెలా అవుతుందిరా అని నాయనమ్మ అడిగితే మాత్రం పంచాంగం మూసి లేచిపోయేవాడు. ఇన్ని చూసే మనిషి ఒక్కటి చూసేవాడు కాదు. ఇంజనులోంచి దిగిన ఆయిలు. అడుగు బోల్టు విప్పి, అడ్డంగా కోసిన కిరసనాయిలు డబ్బాలోకి ఆ నల్లటి ఆయిలంతా దింపి, కొత్తది పోసి, దణ్ణం పెట్టి, హ్యాండిలు తిప్పేసేవాడు.

ఆ కాలిన ఆయిలుకు మా వైపు వేరే ఉద్యోగం ఉండేది. చెదలు పట్టకుండా తలుపులకూ, పశువుల పాక రాటలకూ పూసేవాళ్లం. ఏ ఇంట్లో ఆయిలు మారిస్తే ఆ ఇంటి తలుపులు వారం రోజులు నల్లగా నిగనిగలాడేవి, ఆనుకున్నవాళ్ల చొక్కాలు కూడా. మా ఇంట్లో పూసే పని నాది. కొబ్బరి పీచు ముద్ద చేసుకుని డబ్బాలో ముంచి, రాటకు పైనుంచి కిందికి రాసేదాన్ని. నాకు భలే ఇష్టంగా ఉండేది ఆ పని. అమ్మకు ఇష్టం ఉండేది కాదు. నా గౌనులన్నీ ఒక్కొక్కటే మసిగుడ్డలైపోయేవి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక ఏడు కాలువకు నీళ్లు ఆలస్యంగా వదిలారు. వదులుతారు, వదులుతారు అన్న మాట నమ్మి అందరం నారు పోసేశాం. మడిలో మొలక వేలెడంత లేచి పచ్చగా నిలబడింది, కాలువ మాత్రం పగుళ్లు తీసింది. నారు ఎండితే మళ్లీ విత్తనం చల్లాలి, అది మొలిచి నాటుకు వచ్చేసరికి అదను దాటిపోతుంది. అదను దాటితే ఆ ఏడు మాకు తిండిగింజలు లేనట్టే. అంచేత పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా ఇంజను నడుస్తూనే ఉండేది. ఊరంతటికీ వినబడేది దాని చప్పుడు.

మా నాయనమ్మకు కళ్లలో పొరలు వచ్చి చూపు సరిగ్గా ఆనేది కాదు. చెవులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసేవి. అరుగు మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండేది. ఒకరోజు నాన్న అన్నానికి వస్తే ఆపి చెప్పింది.

"ఒరేయ్, అది మునుపటిలా పలకట్లేదురా. మధ్య మధ్యలో ఏదో పంటి కింద పడ్డట్టు నలుగుతోంది."

"నడుస్తోందిగా అమ్మా," అన్నాడు నాన్న, చేతులు కడుక్కుంటూ.

ఆ ఒక్క మాటతోనే నాన్న సంసారం ఈదేశాడని అమ్మ అంటూ ఉండేది. సైకిలు చైను ఊరు దాటేలోపు మూడుసార్లు ఊడేది, నడుస్తోందిగా. గోడ గడియారం గంటన్నర వెనక ఉండేది, నడుస్తోందిగా. నాకు పదిరోజులు దగ్గు తగ్గకపోతే, బడికి నడుస్తోందిగా అన్నాడట. అమ్మ ఆ సంగతి నాకు పెళ్లయ్యేదాకా మర్చిపోలేదు, మర్చిపోనివ్వలేదు.

నాయనమ్మ పోరు పడలేక, మంచి వేళ చూసి నాన్న ఆయిలైతే మార్చాడు. ఆయిలు మారిస్తే ఆ చప్పుడు అదే పోతుందని ఆయన లెక్క. డబ్బా తెచ్చి నా ముందు పెట్టి వెళ్లిపోయాడు. నేను పశువుల పాక రాటలన్నీ పూసుకుంటూ వచ్చాను. డబ్బాలో అడుగుకు వచ్చేసరికి ఎండ పడి ఏదో తళుక్కుమంది. పీచుతో కదిపాను. నల్లటి ఆయిల్లో సన్నటి రేణువులు, రవ్వకన్నా చిన్నవి, పచ్చగా, అమ్మ పట్టుచీర జరీలాగా. నాకైతే అది బంగారమే అనిపించింది. మీరు నవ్వకండి. ఇంజనుకు అంత మర్యాద జరిగే ఇంట్లో పెరిగిన పిల్లకి, దానిలోంచి బంగారం వస్తుందని తోచడంలో తప్పేముంది.

ఇంత మంచిది పశువుల పాకకు వెయ్యడమెందుకని, ఆ అడుగు ఆయిలంతా జాగ్రత్తగా తీసుకెళ్లి పెరటి తలుపుకు పూశాను. పొద్దుటి ఎండ నేరుగా ఆ తలుపు మీదే పడుతుంది. మర్నాడు లేచి చూస్తే తలుపు కింది సగం చుక్కలు పొదిగినట్టు మెరుస్తోంది.

నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించబోయాను. ఆయన కాలువ గట్టుకు పోయే తొందరలో ఉన్నాడు. కొత్తగా పూసింది మెరవక ఏం చేస్తుందే అంటూ తలుపు వంక చూడకుండానే వెళ్లిపోయాడు. అమ్మతో చెప్పాను. ముందు ఆ చేతులు కడుక్కుని రా, తర్వాత మాట్లాడు అంది. కడుక్కుని వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగి, నా వంతు పోయింది. పక్కింటాయన నిమ్మకాయల కోసం పెరట్లోకి వస్తే ఆయనకూ చూపించాను. ఇసుక, అమ్మాయ్, డబ్బాలో ఇసుక పడుంటుంది అని తేల్చేశాడు. ఆ తలుపుకు బెత్తెడు దూరంలో నిలబడి, ఇటు చూడకుండా చెప్పాడు ఆ మాట. నాకు ఏడుపొచ్చింది. చివరికి నాయనమ్మను తీసుకొచ్చాను. పాపం ఆవిడ ముక్కు తలుపుకు ఆనేంత దగ్గరగా వంగి చూసింది, చేత్తో తడిమింది, అరచెయ్యంతా నల్లగా చేసుకుంది.

"నువ్వు చెప్తే ఉండే ఉంటుందే తల్లీ," అంది. "నాకే కనపడి చావట్లేదు."

ఇంత పెద్దదాన్నయ్యాక కూడా ఆ రోజు తలుచుకుంటే నాకు విసుగొస్తుంది. నలుగురు పెద్దవాళ్లు. ముగ్గురికి కళ్లున్నాయి, చూసే తీరిక లేదు. నాలుగో మనిషికి తీరికుంది, కళ్లు లేవు.

రెండు రోజుల తర్వాత చల్లపల్లి నుంచి మేస్త్రీ గారు మా వీధిలో ఎవరిదో ఇంజను పట్టా తెగితే చూడటానికి వచ్చాడు. పొడుగ్గా, బక్కగా ఉండేవాడు. ఖాకీ సంచీ భుజాన, ఎప్పుడూ పెళ్లివారి మీద అలిగిన మనిషిలాంటి ముఖం. తిరిగి వెళుతుంటే నాయనమ్మ అరుగు మీంచే పిలిచి, మజ్జిగ తాగి పొమ్మని కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి, మా ఇంజను చప్పుడు వినమంది. అప్పుడే భోజనానికి వచ్చిన నాన్నకు ఒళ్లు మండింది. నడుస్తున్న ఇంజను దగ్గరికి మేస్త్రీ వస్తే అది చూసుకుని మరీ చెడిపోతుందని ఆయన నమ్మకం. మేస్త్రీ గారు మజ్జిగ గ్లాసు పట్టుకుని కాసేపు చెవి పెట్టి విన్నాడు. ఆయిలెప్పుడు మార్చారని అడిగాడు. మొన్ననేనని నాన్న గర్వంగా చెప్పాడు. అయితే తీసిన ఆయిలు చూపించండి అన్నాడు మేస్త్రీ గారు.

నాన్న చెయ్యి చాపి పశువుల పాక చూపించాడు. ఒక్క చుక్క కూడా పారబొయ్యలేదండీ అన్నాడు.

మేస్త్రీ గారు గ్లాసు కింద పెట్టాడు. పాక రాటల వంక ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. కోపం వచ్చిన మనిషి గట్టిగా మాట్లాడతాడనుకుంటాం గానీ, ఆయన గొంతు ఇంకా తగ్గింది.

"ముప్ఫై ఏళ్లనుంచి చెప్తున్నానండీ మీ ఊళ్లో. ఆయిలు ముందు చూడండి, తర్వాత పూసుకోండి అని. ఒక్కరన్నా వింటారా. మీ తలుపులన్నీ నిగనిగలాడుతున్నాయి, మీ ఇంజన్లన్నీ నా షెడ్డులో ఉన్నాయి. ఇప్పుడు నేనేం చూడను? గేదెల్ని అడగనా?"

నాయనమ్మ పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న నవ్వలేదు. నేను స్తంభం వెనకనుంచి, అందులో మెరిసేవి ఉన్నాయి అన్నాను. అప్పటికి ఆ మాట మీద నాకే నమ్మకం సన్నగిల్లింది, అందుకని చిన్నగానే అన్నాను. నువ్వూరుకోవే అన్నాడు నాన్న.

మేస్త్రీ గారు నా వైపు తిరిగాడు. నిజమేనా అని అడగలేదు. సరిగ్గా చూశావా అనీ అడగలేదు. "ఏ రంగమ్మా? సూది రంగా, బిందె రంగా?" అన్నాడు.

బిందె రంగన్నాను. మా ఇంట్లో ఇత్తడి బిందెలే ఉండేవి. ఆయిలు మీద తేలాయా, అడుగున ఉన్నాయా అని అడిగాడు. అడుగున అన్నాను. వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడాయా అన్నాడు. రుద్దలేదని ఒప్పుకున్నాను. అలాంటివి ఎన్నో అడిగాడు, ప్రతిదానికీ నేను చెప్పేదాకా ఆగాడు. నాన్న మధ్యలో ఏదో చెప్పబోతే, చూసింది ఆ పిల్లండీ అని ఆపేశాడు. చివరికి ఆ అడుగు ఆయిలు ఏ రాటకు పూశావని అడిగితే, నేను ఆయన్ని పెరటి తలుపు దగ్గరికి తీసుకెళ్లాను.

ఒక మనిషి ఇంజను జబ్బు తెలుసుకోవడానికి తలుపు ముందు గొంతుక్కూర్చోవడం మా ఊళ్లో అదే మొదలు. ఆయన గోటితో ఆ నలుపును గీరి అరచేతిలో వేసుకున్నాడు. సంచీలోంచి పాత లౌడుస్పీకరు అయస్కాంతం ముక్క తీసి దాని మీద ఆడించాడు. ఒక్క రేణువూ దానికి అంటుకోలేదు. ఇనుమైతే అంటుకునేవి. ఎండలో పెట్టి చూశాడు. పిస్టన్ను మోసే రాడ్డు పైకొనలో ఇత్తడి రంగు బుష్షు, గాజులాంటి తొడుగు, ఒకటుంటుందని, అది అరిగి పొడవుతోందని చెప్పాడు. ఆ పొడే మేం తలుపుకు పూసుకున్న బంగారం. ఇంజను ఇప్పుడే ఆపించండి అన్నాడు.

అప్పుడు మొదలైంది అసలు తగాదా. నాన్న ససేమిరా అన్నాడు. నాలుగు రోజులు నడిస్తే చాలు, ఈలోపు కాలువకు నీళ్లొస్తాయి అంటాడు. ఇవాళ ఆపితే ఎల్లుండికి మడి నెర్రెలిస్తుంది, మళ్లీ నారెక్కడ తెస్తాం, ఈ పిల్లలకేం పెడతాం అంటాడు. ఆపకపోతే రాడ్డు విరిగి ఇంజను పొట్ట చీల్చుకుని బయటికొస్తుందని, అప్పుడు ఇంజనూ దక్కదు, మడీ దక్కదని మేస్త్రీ గారు. ఆ పక్కన మీరుంటే అని ఇంకేదో అనబోయి, గుమ్మంలో అమ్మ నిలబడి ఉండటం చూసి ఆపుకున్నాడు. అమ్మ అది విననే విన్నది. నాన్న మాత్రం, తలుపు చూసి చెప్పే మాట పట్టుకుని పంట పోగొట్టుకోమంటారా అన్నాడు. ఆ మాటకు జవాబు లేదని అనుకున్నాడు పాపం.

మేస్త్రీ గారు వాదించడం మానేశాడు. సరేనండీ, పది నిమిషాలు ఆపండి, మీకే నమ్మకం కుదరకపోతే నేనే హ్యాండిలు తిప్పి వేసి వెళ్లిపోతాను అన్నాడు. అందరం కాలువ గట్టుకు నడిచాం. ఇంజను ఆపారు. ఒక్కసారిగా ఊరంతా నిశ్శబ్దమైపోయింది, పొలాల్లో ఉన్నవాళ్లు తలెత్తి చూశారు. వేడి తగ్గేదాకా కూర్చుని, ఆయన ఇంజను పక్కనున్న చిన్న మూత విప్పాడు. లోపల చెయ్యి పెట్టబోయి, అబ్బే నా చెయ్యి పట్టట్లేదండీ, మీ అమ్మాయి చెయ్యి పడుతుంది అన్నాడు. ఆయన చేతులు అలాంటి మూతల్లో ఎన్ని వందలసార్లు దూరి ఉంటాయో నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తోచలేదు.

నేను చెయ్యి పెట్టాను. లోపల గోరువెచ్చగా, జిడ్డుగా ఉంది. ఆయన చెప్పినట్టే రాడ్డు పట్టుకుని పైకీ కిందికీ కదిపాను. ఏం తెలుస్తోందో మీ నాన్నకు చెప్పమ్మా అని ఆయన దూరంగా జరిగి, కాలువ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇంక నాన్నే అడగాలి. ఆయన కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"కదుల్తోందా?" అన్నాడు.

"కదుల్తోంది నాన్నా. పైకంటే టక్ అంటోంది, కిందికంటే టక్ అంటోంది."

నాన్న నన్ను పక్కకు జరిపి తన చెయ్యి పెట్టాడు. ఆయన చెయ్యి శుభ్రంగా పట్టింది. రెండుసార్లు కదిపాడు. మూడోసారి కదపలేదు. చెయ్యి బయటికి తీసి, కండువాతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. ఆ తర్వాత మేస్త్రీ గారితో, విప్పండి అన్నాడు. అంతే.

రాడ్డు బయటికి తీస్తే బుష్షు కాగితంలా పలచబడి, ఒక పక్క నిలువునా చీలి ఉంది. ఇంకో రెండు రోజులు కూడా ఆగేది కాదని మేస్త్రీ గారు చెప్పాడు. రాడ్డు సంచీలో వేసుకుని, లేత్ మీద కొత్త బుష్షు చేయించుకురావడానికి బెజవాడ బస్సెక్కాడు. ఆ మూడు రోజులూ అమ్మానాన్నలు మడికి గూడ వేశారు. గూడంటే మీకు తెలియదు. నాలుగు తాళ్లు కట్టిన బుట్ట. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు తాళ్లు పట్టుకుని ఊపుతూ మురుగు కాలువలో ముంచి, నీళ్లు గట్టు మీదికి విసరాలి. మా ఇంట్లో తాళ్లు పట్టగలవాళ్లు నలుగురు లేరు కాబట్టి ఇటు నాన్న, అటు అమ్మ, చెరి రెండు తాళ్లు. అమ్మ ప్రతి ఊపుకీ ఒక మాట అంది. నడుస్తోందా, బాగా నడుస్తోందా అని. నాన్న తల వంచుకుని బుట్ట ముంచుతూ పోయాడు. వాళ్ల అరచేతులు బొబ్బలెక్కాయి. ఎత్తుగా ఉన్న ఒక మూలకు నీళ్లందక అక్కడి నారు ఎండిపోయింది, మిగతాది నిలబడింది. ఆ ఏడు పంట ఆ మిగతాదే.

మేస్త్రీ గారు వచ్చి ఇంజను బిగించిన మర్నాడు కాలువకు నీళ్లొచ్చాయి. నిండుగా, గట్టు తాకుతూ. అమ్మ గట్టు మీద నిలబడి ఆ నీళ్లను చూసిన చూపు నేనిప్పటికీ వర్ణించలేను.

మీరు నాన్న మారిపోయాడనుకుంటారేమో. వారం తిరక్కుండా రచ్చబండ దగ్గర, ఆయిలు దింపగానే నాకనుమానం వచ్చిందండీ, రంగు చూసే పట్టేశాను అని చెబుతుంటే నేను విన్నాను. ఇసుకన్న పక్కింటాయన కూడా అక్కడే కూర్చుని, అవునవును నేనూ చూశానన్నాడు. నేను ఇంటికి పరుగెత్తుకొచ్చి నాయనమ్మ ఒళ్లో పడి ఏడ్చాను. పోనీలేవే అని ఆవిడ వీపు నిమిరింది. పోనివ్వడం నాకు రాలేదు.

కానీ తర్వాత ఆయిలు మార్చిన రోజు నాన్న డబ్బా తెచ్చి పెరట్లో ఎండ పడేచోట పెట్టాడు. పీచు నా చేతికివ్వలేదు. పక్కన నిలబడి ఊరికే దగ్గాడు. నాకర్థమై, కర్రపుల్లతో అడుగుదాకా కదిపి, వేళ్ల మధ్య రుద్ది చూశాను. ఏమీ లేదు నాన్నా అన్నాక, అప్పుడు పూసుకోమన్నాడు. నా పెళ్లయ్యేదాకా అదే వరస. నీ మాట విననందుకు తప్పయిందని ఒక్కనాడూ అనలేదు. నేనూ అడగలేదు.

మేస్త్రీ గారు మళ్లీ మా ఇంటికి వచ్చాడో లేదో గుర్తులేదు. ఆయన అడిగిన తీరు మాత్రం నాలో ఉండిపోయింది. మీ అమ్మ చిన్నప్పుడు గోడ లోపలినుంచి ఎవరో గోకుతున్నారని చెబితే, ఇంట్లో అందరూ నవ్వారు. నేను లేచి, పైనా కిందా, గీరుతున్నట్టా కొడుతున్నట్టా అని అడుగుతూ దాని వెనకే వెళ్లాను. మీరు వచ్చినప్పుడు కూడా, ఫ్యాను వింతగా తిరుగుతోందనో, కాలు ఒకచోట నొప్పిగా ఉందనో అంటే, నేను ముందు కళ్లజోడు వెతుక్కునేది అందుకే. నిజమేనా అని అడగడం నాకు చేతకాదు. ఎక్కడ, ఏ రంగు, ఎప్పటినుంచి అని అడుగుతూ లేస్తాను. చాలాసార్లు అక్కడేమీ ఉండదు. లేచినందుకు మోకాళ్లు నొప్పి పెడతాయి, అంతే.